అబుల్ ఖాసిం జహ్రావీ: వదులు పళ్లకు బంగారు తీగ కట్టిన హకీం

స్పెయిన్ దేశపు ఖుర్తుబా (కార్డోబా) నగరానికి పడమట, కొండవాలులో ఒక శిథిల నగరం ఉంది. దాని పేరు మదీనతుజ్జహ్రా. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 (హి.శ. 325)లో దాని నిర్మాణం మొదలుపెట్టాడు. పాలరాతి స్తంభాలతో, తోటలతో, నీటి కాలువలతో అది అందాల నగరమయింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అక్కడ పుట్టిన ఒక బాలుడు తరువాత శస్త్రవైద్యానికి పెద్ద దిక్కయ్యాడు. ఆయనే అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ (రహ్మ). ఊరి పేరే ఆయన పేరులో భాగమయింది. యూరప్ వాళ్లు ఆ పేరు పలకలేక 'అబుల్‌కాసిస్' అన్నారు.

ఆయన బాల్యం గురించీ, కుటుంబం గురించీ చరిత్రకారులు రాసింది చాలా తక్కువ. ఖుర్తుబా పండితుడు ఇబ్నె హజ్మ్ ఆయన గ్రంథాన్ని మెచ్చుకున్నాడు. ఆ తరువాతి తరానికి చెందిన హుమైదీ కొద్ది పంక్తుల్లో పరిచయం చేసి, హి.శ. నాలుగు వందల తరువాత మరణించాడని రాశాడు. ఆ మనిషిని తెలుసుకోవాలంటే ఆయన పుస్తకాన్నే చూడాలి. దాదాపు యాభై ఏళ్ల వైద్యానుభవాన్ని ఆయన 'అత్తస్‌రీఫ్' అనే గ్రంథంలో పొందుపరిచాడు. క్రీ.శ. 1000 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథంలో ముప్ఫై భాగాలున్నాయి. వాటిలో ఇరవై ఒకటోది నోరు, పళ్లు, గొంతు మందుల గురించి. చివరిదైన ముప్ఫయ్యోది పూర్తిగా శస్త్రచికిత్స గురించి. అందులో సుమారు రెండు వందల పనిముట్ల బొమ్మలు వేసి చూపించాడు.

ఆ చివరి భాగం రాయడానికి కారణం ఆయన ఆవేదనే. తన దేశంలో శరీర నిర్మాణం తెలియనివాళ్లు కత్తి పట్టుకుంటున్నారని ఆయన బాధపడ్డాడు. మెడపై గడ్డ ఉన్న ఒక స్త్రీకి ఒక అజ్ఞాని కోత పెట్టి రక్తనాళాలు తెంచేశాడనీ, ఆమె ప్రాణం పోయిందనీ ముందుమాటలోనే చెప్పుకొచ్చాడు.

పళ్ల విషయంలో కూడా ఆయనది ఇదే ఆవేదన. ఆ కాలంలో పళ్లు పీకే పని ఎక్కువగా క్షౌరకుల చేతిలో ఉండేది. నొప్పి రోగిని మోసం చేస్తుందనీ, పుచ్చింది ఒకటైతే అతడు చూపించేది ఇంకొకటనీ, మంచి పన్ను పోయాక కూడా నొప్పి అలాగే ఉంటుందనీ జహ్రావీ హెచ్చరించాడు. అందుకే పన్ను పీకడానికి తొందరపడవద్దనీ, అన్ని చికిత్సలూ చేసి చూడమనీ, ఏ పన్నో నిర్ధారించుకున్నాకే ముందుకెళ్లమనీ నియమం పెట్టాడు. పీకక తప్పకపోతే చిగురును పన్ను చుట్టూ వేరు చేసి, కొద్దికొద్దిగా కదిలించి, విరగకుండా నిటారుగా లాగాలి. పన్ను పుచ్చి డొల్లగా ఉంటే పట్టుకారు కింద నలిగిపోకుండా ముందు ఆ రంధ్రాన్ని గట్టిగా నింపాలి. మన ఇళ్లలో ఎంతమంది పెద్దలు ఒక్క రాత్రి నొప్పికి తాళలేక మరునాడే పన్ను పీకించుకుని, తరువాత నమలడానికి అవస్థ పడడం లేదు?

పళ్లకు పట్టే గార సంగతి కూడా ఆయన వదల్లేదు. నల్లగా, పచ్చగా పేరుకునే ఆ గార చిగుళ్లను పాడు చేస్తుందని గుర్తించి, దాన్ని గీకడానికి వేర్వేరు ఆకారాల్లో పద్నాలుగు పనిముట్లు గీసి చూపించాడు. పన్ను లోపలివైపు గీకేది బయటివైపుకు పనికిరాదు, పళ్ల సందుల్లోకి వెళ్లేది వేరు. ఒకసారికి పోకపోతే రెండోసారి, మూడోసారి కూర్చోబెట్టాలి.

ఏ పనికి ఏ పదార్థం వాడాలో ఆయన చాలా జాగ్రత్తగా ఎంచుకున్నాడు. పన్నుకు వాత పెట్టేటప్పుడు నోరు కాలకుండా రాగి లేదా ఇనుప గొట్టం పెట్టి, దాని లోపలి నుంచే కాల్చిన కడ్డీని పంపాలి. వరుస తప్పి పెరిగిన పన్నును అరగదీయడానికి ఆకురాయి హిందూ దేశపు ఇనుముతో చేసినదై ఉండాలన్నాడు. ఆ పని కూడా ఒక్క రోజులో కాదు, పక్క పళ్లు కదిలిపోకుండా చాలా రోజులపాటు కొంచెం కొంచెంగా చేయాలి. మన హిందుస్తాన్ ఉక్కు పేరు ఖుర్తుబా హకీం కలం నుంచి రావడం ముచ్చట గొలిపే విషయం. తరువాతి శతాబ్దాల్లో మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు.

ఇక అన్నిటికన్నా ప్రసిద్ధమైనది తీగ కట్టు. దెబ్బ తగిలి వదులైన పళ్లను గట్టి పళ్లతో కలిపి తీగతో అల్లి కట్టాలి. తీగ మరీ సన్నగానూ, మరీ లావుగానూ ఉండకూడదు. దాన్ని పళ్ల మధ్యగా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి, జారిపోకుండా పళ్ల మొదళ్ల దగ్గర బిగించాలి. మిగిలిన కొసలను కత్తిరించి, మెలిపెట్టి, నాలుకకు గుచ్చుకోకుండా సందులో దాచాలి. వెండి తీగ వాడవచ్చు గానీ కొన్ని రోజులకే దానికి చిలుము పడుతుంది. బంగారం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అందుకే ఆయన బంగారానికే మొగ్గు చూపాడు. ఊడిపోయిన పన్నును తిరిగి దాని చోటే పెట్టి ఇలా కట్టవచ్చనీ, అది లేకపోతే ఎద్దు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి బిగించవచ్చనీ రాశాడు.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చు. పురుషులకు బంగారం నిషిద్ధం కదా, మరి పన్నుకు ఎలా? అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీ అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉల్లేఖనం ఉంది. దీని ఆధారంగానే ధర్మవేత్తలు పళ్ల గురించి చర్చించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో పళ్లకు వెండి సరిపోతుంది, అవసరం తీరాక బంగారం దాకా వెళ్లనక్కర లేదు. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం బంగారంతో కట్టినా దోషం లేదన్నారు. గమనించండి, గురుశిష్యులిద్దరి మధ్య తేడా నోటిలో వెండి సరిపోతుందా లేదా అన్న దగ్గర వచ్చింది. రెండు శతాబ్దాల తరువాత రోగుల నోళ్లు చూసిన జహ్రావీ వెండికి చిలుము పడుతుందని రాశాడు. ఫత్వా ఇవ్వడం హకీం పని కాదు. కానీ ఇటువంటి వాళ్ల అనుభవం లేకుండా ముఫ్తీ పని కూడా సాగదని నా అభిప్రాయం. షోకు కోసం మంచి పన్నుకు బంగారు తొడుగు వేయించుకోవడం మాత్రం వేరే సంగతి, దాన్ని ఈ అనుమతి కిందకు తేకూడదు.

ఇప్పుడు బంగారు తీగ చోట సన్నని ఉక్కు తీగ వచ్చింది, దాన్ని పంటి రంగు జిగురుతో అతికిస్తారు. ఎద్దు ఎముక చోట పింగాణీ వచ్చింది. 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే వైద్యుడు ఒక రోగి దవడ ఎముకలో టైటానియం మరలు బిగించాడు. ఎముక ఆ లోహాన్ని తనలో కలుపుకుంటుందని ఆయన కనుగొన్నాడు. ఊడిన పన్నును తిరిగి పెట్టే పద్ధతి మాత్రం ఇప్పటికీ ఉంది. పిల్లవాడు ఆటలో పడి శాశ్వత దంతం ఊడితే, వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే కొద్దిగా కడిగి, వీలైతే దాని చోటే పెట్టాలి. లేదా పాలలో వేసుకుని వెంటనే దంతవైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. అరగంటలోపు వెళ్తే ఆశ ఎక్కువ. వైద్యుడు పక్క పళ్లకు సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతాడు. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు.

జహ్రావీ చివరి రోజులు ప్రశాంతంగా గడవలేదు. అంతర్యుద్ధంలో 1010లో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై పాడుబడింది. 1013లో ఖుర్తుబా కూడా పడిపోయింది. ఇంచుమించు ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడని చెబుతారు. పుట్టిన ఊరు ఆయన కళ్లముందే మట్టిలో కలిసింది. పుస్తకం మాత్రం బతికింది. పన్నెండో శతాబ్దంలో తులైతులా (టోలెడో)లో గెరార్డ్ అనే అనువాదకుడు శస్త్రభాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. ఫ్రాన్స్ దేశపు శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ తన గ్రంథంలో ఆయన్ను రెండు వందలకు పైగా చోట్ల పేర్కొన్నాడు. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ, లాటిన్ పాఠాలు పక్కపక్కన అచ్చయ్యాయి. మన దేశంలో పట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో బొమ్మలతో కూడిన పాత రాతప్రతి భద్రంగా ఉంది. 1908లో లక్నోలో కూడా ఆ ముప్ఫయ్యో భాగం అరబీలో అచ్చయింది.