మారిస్ విల్క్స్

సర్ మారిస్ విన్సెంట్ విల్క్స్ (1913 జూన్ 26 - 2010 నవంబరు 29) సుప్రసిద్ధ బ్రిటిషు కంప్యూటరు శాస్త్రవేత్త. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌సాక్ అనే తొలితరం కంప్యూటరును నిర్మించిన బృందానికి ఈయన నాయకుడు. ప్రాసెసరు లోపలి నియంత్రణను కూడా ఒక ప్రోగ్రాములా వ్రాయవచ్చుననే మైక్రోప్రోగ్రామింగు భావనకు ఆద్యుడు. నేడు ఇళ్ళలోని కంప్యూటర్లలో భద్రతాలోపాలను సరిదిద్దడానికి వస్తున్న మైక్రోకోడు నవీకరణలకు మూలం ఈ భావనే.

బాల్యం, విద్యాభ్యాసం

విల్క్స్ ఇంగ్లాండులోని డడ్లీ పట్టణంలో జన్మించారు. స్టౌర్‌బ్రిడ్జ్‌లోని పాఠశాలలో చదువుకునే రోజుల్లోనే రేడియోపై ఆసక్తి పెంచుకొని, ఔత్సాహిక రేడియో లైసెన్సు పొందారు. 1931లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి గణితశాస్త్రం అభ్యసించారు. అనంతరం దీర్ఘ రేడియో తరంగాలు అయనోవరణంలో ప్రయాణించే తీరుపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1937లో విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో ఉద్యోగిగా చేరారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో రాడారు పరిశోధనలలో పనిచేసి, 1945లో తిరిగివచ్చి అదే ప్రయోగశాలకు సంచాలకులయ్యారు.

ఎడ్‌సాక్ నిర్మాణం

1946 మే నెలలో లెస్లీ కామ్రీ అనే గణనవేత్త కేంబ్రిడ్జికి వస్తూ, ఎడ్‌వాక్ కంప్యూటరు గురించి జాన్ వాన్ నాయ్‌మన్ వ్రాసిన నివేదిక ప్రతిని వెంట తెచ్చారు. దానిని మరునాడు తిరిగి ఇవ్వవలసి ఉండటంతో విల్క్స్ రాత్రంతా మేల్కొని చదివారు. ప్రోగ్రామును, దత్తాంశాలను ఒకే జ్ఞాపకశాలలో భద్రపరచే పద్ధతియే భవిష్యత్తులో నిలిచేదని ఆయన గ్రహించారు. అదే సంవత్సరం ఆగస్టులో ఫిలడెల్ఫియాలోని మూర్ స్కూలులో జరుగుతున్న ఉపన్యాసాలకు వెళ్ళారు. ఓడ ప్రయాణంలో జాప్యం వలన చివరి రెండు వారాలకు మాత్రమే హాజరు కాగలిగారు. తిరుగుప్రయాణంలో, క్వీన్ మేరీ ఓడలోనే ఎడ్‌సాక్ రూపకల్పన ప్రారంభించారు.

సుమారు 3,000 వాల్వులతో, పాదరసపు గొట్టాలే జ్ఞాపకశాలగా తయారైన ఈ యంత్రం 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపి, 0 నుండి 99 వరకు గల సంఖ్యల వర్గాల పట్టికను అచ్చువేసింది. నిత్యవినియోగానికి వచ్చిన తొలి నిక్షిప్త ప్రోగ్రాము కంప్యూటరుగా ఇది ప్రసిద్ధి చెందింది. జాన్ కెండ్రూ వంటి శాస్త్రవేత్తలు ప్రోటీన్ల నిర్మాణాన్ని కనుగొనడంలో దీనిని ఉపయోగించుకున్నారు. ఎడ్‌సాక్ 1958 జూలై వరకు పనిచేసింది.

యంత్రం సిద్ధమైన కొద్ది వారాలకే, తాను వ్రాసిన ఒక ప్రోగ్రాములో తప్పులు వెదకుతూ, ఇకపై తన జీవితంలో అధికభాగం ఇటువంటి తప్పులు వెదకడానికే సరిపోతుందని ఆయనకు అర్థమైంది. తప్పులను తగ్గించడానికి, పరీక్షించి ఉంచిన ఉపక్రమాల గ్రంథాలయాన్ని ఆయన బృందం రూపొందించింది. ఇందులో డేవిడ్ వీలర్ పాత్ర ముఖ్యమైనది. వీలర్, స్టాన్లీ గిల్‌లతో కలిసి 1951లో వెలువరించిన పుస్తకం ప్రోగ్రాము రచనపై తొలి గ్రంథాలలో ఒకటి.

మైక్రోప్రోగ్రామింగు

తొలి కంప్యూటర్లలో ప్రతి ఆదేశాన్ని అమలుచేసే నియంత్రణ వలయాలు ఒక క్రమం లేకుండా అల్లుకుపోయి ఉండేవి. వాటిలో లోపాలను కనుగొనడం, మార్పులు చేయడం చాలా కష్టం. 1951లో మాంచెస్టరులో జరిగిన సమావేశంలో విల్క్స్ దీనికి పరిష్కారం సూచించారు. ఆయన ప్రకారం కూడిక, గుణకారం వంటి ప్రతి ఆదేశాన్నీ మరింత చిన్న అంచెలుగా విడదీయాలి. ఆ అంచెల వరుసను ప్రాసెసరు లోపలి ప్రత్యేక జ్ఞాపకశాలలో ఉంచాలి. 1958లో పని ప్రారంభించిన ఎడ్‌సాక్-2 ఈ పద్ధతిలో నిర్మించిన తొలి యంత్రం. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణిలోని అధికభాగం యంత్రాలు ఇదే పద్ధతిని అనుసరించడంతో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది.

భద్రతారంగంతో సంబంధం

1965లో విల్క్స్ ఒక చిన్న వ్యాసంలో, పెద్ద జ్ఞాపకశాలకు తోడుగా వేగవంతమైన చిన్న జ్ఞాపకశాలను ఉంచి, తరచు అవసరమయ్యే సమాచారాన్ని అందులో నిలిపే పద్ధతిని వివరించారు. దీనినే నేడు క్యాషె అంటున్నాము. సంకేతపదాలను యథాతథంగా కాక, తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి దాచాలన్న రోజర్ నీధామ్ ఆలోచనను 1968 నాటి తన పుస్తకంలో లోకానికి పరిచయం చేశారు.

1994లో ఇంటెల్ పెంటియం ప్రాసెసరులో భాగహార దోషం బయటపడినప్పుడు చిప్పులనే మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఇందుకు ఆ సంస్థ 47.5 కోట్ల డాలర్లు కేటాయించింది. తరువాత 1995లో వచ్చిన పెంటియం ప్రో నుండి, అమ్మిన తరువాత కూడా మైక్రోకోడును సవరించే వీలు ఏర్పడింది. ఈ సవరణ చిప్పులో శాశ్వతంగా నిలువదు. కంప్యూటరును ఆన్ చేసిన ప్రతిసారీ బయాస్ గాని, ఆపరేటింగు సిస్టము గాని దానిని ప్రాసెసరులోకి ఎక్కిస్తుంది. తయారీదారు సంతకం లేని సవరణను ప్రాసెసరు స్వీకరించదు.

2018 జనవరి 3న స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బహిర్గతమయ్యాయి. ప్రాసెసరు ముందస్తు ఊహతో చేసి, పిమ్మట రద్దుచేసిన పనుల ఆనవాళ్ళు క్యాషెలో మిగిలిపోతాయి. జ్ఞాపకశాలను చదవడానికి పట్టే కాలాన్ని కొలిచి, ఆ ఆనవాళ్ళ ద్వారా రహస్య సమాచారాన్ని తెలుసుకోవచ్చునని పరిశోధకులు నిరూపించారు. మెల్ట్‌డౌన్‌కు ఆపరేటింగు సిస్టములలో మార్పులు చేయగా, స్పెక్టర్‌లోని ఒక రకానికి మైక్రోకోడు నవీకరణ కూడా అవసరమైంది. తొలి నవీకరణల వలన కొన్ని కంప్యూటర్లు వాటంతట అవే పునఃప్రారంభం కావడంతో, ఇంటెల్ అదే నెల 22న వాటిని నిలిపివేయవలసిందిగా కోరి, తరువాత సరిచేసినవి విడుదల చేసింది. ఇటువంటి రక్షణల వలన కొన్ని పనులలో వేగం తగ్గుతుంది. విల్క్స్ ప్రచారంలోకి తెచ్చిన క్యాషె లోపానికి దారికాగా, ఆయన కనుగొన్న మైక్రోకోడు దానిని సరిదిద్దే సాధనమైంది.

పురస్కారాలు, చివరి రోజులు

విల్క్స్ 1956లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1957లో బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి తొలి అధ్యక్షులయ్యారు. 1967లో ట్యూరింగ్ పురస్కారం, 1992లో క్యోటో బహుమతి లభించాయి. 2000లో నైట్ బిరుదు పొందారు. 1980లో కేంబ్రిడ్జిలో పదవీవిరమణ చేసిన పిదప అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో కొంతకాలం పనిచేశారు. 1985లో ఆత్మకథ ప్రచురించారు. 1947లో నీనా ట్వైమన్‌ను వివాహమాడారు. వీరికి ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. భార్య 2008లో మరణించగా, విల్క్స్ 2010 నవంబరు 29న 97 సంవత్సరాల వయసులో మరణించారు. ఆ తరువాత బ్లెచ్లీ పార్కులోని జాతీయ కంప్యూటింగు మ్యూజియంలో ఎడ్‌సాక్ ప్రతిరూపాన్ని నిర్మించే పని చేపట్టారు.