శరణార్థులకు తలుపు తెరచిన జమీందారు

చదువవలసిన భాగములు: హెబ్రీ. 13:1-3, రోమా. 12:9-21

దూరదేశములలో మన తోటి విశ్వాసులు చెరలో నున్నారనియు, ఇండ్లు వాకిళ్లు విడిచి పారిపోవుచున్నారనియు వినునప్పుడు మనము చేయవలసినదేమి? కొందరు నిట్టూర్చి ఊరకుందురు. కొందరు హింసించువారి మీద కోపముతో మండిపడుదురు. హెబ్రీ పత్రిక వేరొక మార్గము చూపుచున్నది. చెరలో నున్నవాని సంకెల మన చేతికే పడినదని యెంచుకొనవలెనని దాని బోధ. ఈ బోధను తన యింటిలోను, పొలములోను ఆచరణకు తెచ్చిన యొక భక్తుని చరిత్రను ఈ నెల ధ్యానింతము.

నికొలాస్ లుడ్విగ్ జింజెండార్ఫ్ 1700 వ సంవత్సరము మే 26 వ తేదీన జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణమందు గొప్ప జమీందారీ వంశమున జన్మించెను. కొన్ని వారములకే తండ్రి చనిపోయెను. తల్లి మారు వివాహము చేసికొనగా, భక్తిపరురాలైన అమ్మమ్మ ఆయనను పెంచెను. పదియవ యేట ఆయనను హాలే పట్టణములో ఫ్రాంకే గారి పాఠశాలకు పంపిరి. అచ్చట తరంగంబాడి మిషనరీల వార్తలను ఆ బాలుడు ఆసక్తితో వినుచుండెను. స్వదేశమునకు వచ్చిన జీగెన్‌బాల్గ్ గారిని కన్నులార చూచెను. ఈ హాలే వారి సంబంధముననే మన దేశమునకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు, తరువాత మద్రాసులో బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసిరి. అది అచ్చు కాకపోయినను, మనలను తలంచిన ఆ పాఠశాలలోనే జింజెండార్ఫ్ హృదయము కూడ దూరదేశముల వైపు తిరిగెను.

బంధువుల కోరిక చొప్పున ఆయన న్యాయశాస్త్రము చదివి, 1721 లో సాక్సనీ రాజు కొలువులో చేరెను. మరుసటి యేట అమ్మమ్మ యొద్ద బెర్తెల్స్‌డార్ఫ్ అను గ్రామమును కొని, ఎర్డ్ముతె దొరొతెయా అను సద్గుణవతిని వివాహమాడెను. తన గ్రామములో నెమ్మదిగా దేవుని సేవించుకొనవలెనని ఆయన తలంపు. అయితే దేవుని తలంపు వేరుగా నుండెను.

పొరుగుననున్న బోహీమియా, మొరేవియా దేశములలో ఒక పురాతన సంఘముండెను. 1415 లో అగ్నికి ఆహుతియైన జాన్ హస్ గారి అనుచరులలో కొందరు 1457 లో దానిని స్థాపించిరి. 1620 యుద్ధములో ప్రొటెస్టెంటులు ఓడిపోయిన పిమ్మట, రాజు మతమును ఒప్పుకొననివారికి ఆ దేశములో చోటు లేకపోయెను. కొందరు పారిపోయిరి. మిగిలినవారు నూరేండ్లు బైబిళ్లను దాచుకొని, రాత్రులయందు రహస్యముగా కూడుకొనుచుండిరి. క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి వారి కష్టములను జింజెండార్ఫ్‌నకు తెలుపగా, ఆయన తన భూమిలో చోటిచ్చుటకు ఒప్పుకొనెను.

1722 జూన్‌లో మొదటి కుటుంబములు సరిహద్దు దాటి వచ్చినవి. ఆస్తి యావత్తును విడిచి, చేతికందినదానితో వచ్చిరి. జూన్ 17 వ తేదీన ఆ వడ్రంగి అడవిలో మొదటి చెట్టును నరికెను. ప్రభువు కాపుదల అను భావముతో ఆ క్రొత్త ఊరికి హెర్న్‌హుట్ అని పేరు పెట్టిరి. ఆ డిసెంబరులో జింజెండార్ఫ్ భార్యతో ఆ దారిన వచ్చుచు, చెట్ల నడుమ క్రొత్త యింటి దీపమును చూచి, బండి దిగి లోపలికి వెళ్లి, వారితో కూడ మోకరించి ప్రార్థించెను. జమీందారు పరదేశుల నేలమీద మోకరించుట ఆ కాలమందు సామాన్య విషయము కాదు.

ఆశ్రయమిచ్చుట సులభము, ఆశ్రయము పొందినవారితో కలిసి జీవించుట కష్టము. 1727 నాటికి సుమారు 300 మంది చేరిరి. భిన్న సంఘముల వారగుటచేత వివాదములు పుట్టెను. ఒకడు జింజెండార్ఫ్‌ను ప్రకటన గ్రంథములోని మృగమని నిందించెను. ఆయన వారిని వెళ్లగొట్టలేదు. కొలువు విడిచి వచ్చి, ఇంటింటికి వెళ్లి మాటలాడి, మే 12 వ తేదీన అందరు ఒప్పుకొనిన నియమములను ఏర్పరచెను. ఆగస్టు 13 న ప్రభువు బల్లయొద్ద వారు ఏకహృదయులైరి. అదే నెలలో 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటగంటకు వంతు చొప్పున ప్రార్థించుట మొదలిడిరి. ఆ ప్రార్థన నూరేండ్లకు పైగా ఆగలేదు.

ఈ జనమే మిషనరీలైరి. 1732 లో మొరేవియా నుండి వచ్చిన వడ్రంగి డేవిడ్ నిచ్‌మన్, కుమ్మరి లెనార్డ్ డోబర్ అను ఇద్దరు, వెస్టిండీసులోని సెయింట్ థామస్ ద్వీపమున బానిసలకు సువార్త చెప్పుటకు బయలుదేరిరి. తాము హింస ననుభవించినవారు గనుక ఇతరుల బాధ వారికి తెలిసెను.

మేలు చేసినందుకు జింజెండార్ఫ్ మూల్యము చెల్లించెను. తన ప్రజలను మరలుకొల్పుచున్నాడని చక్రవర్తి సాక్సనీ రాజునకు ఫిర్యాదు చేసెను. విచారణలు జరిగెను. 1736 లో జింజెండార్ఫ్‌నే దేశమునుండి వెళ్లగొట్టిరి. శరణార్థులకు ఇల్లిచ్చినవాడు తానే ఇల్లు లేనివాడాయెను. 1747 వరకు తిరిగి వచ్చుటకు సెలవు దొరకలేదు. 1739 లో సెయింట్ థామస్‌నకు వెళ్లగా, అచ్చటి మిషనరీలు చెరలో నుండిరి. ఆయన అధికారులతో మాటలాడి వారిని విడిపించెను.

అయినను ఆయన లోపము లేనివాడు కాడు. ఆ ద్వీపమందే బానిసలతో మాటలాడుచు, యజమానులకు లోబడి యుండవలెననియు, క్రీస్తునందలి విడుదల హృదయమునకే గాని దాస్యమునకు సంబంధించినది కాదనియు బోధించెను. మొరేవియా బంధువుల సంకెలను చూచిన కన్నులు ఆఫ్రికావారి సంకెలను అట్లు చూడలేదు. మనము మన మతస్థుల శ్రమను మాత్రమే చూచి, ఇతరుల శ్రమను చూడకపోయినయెడల, మనకును ఈ గద్దింపు చెల్లును.

ఆయనలో మరియొక గుణము గమనింపదగినది. హింసించిన పాలకులు కథోలికులైనను, ఆయన కథోలికులను ద్వేషింపలేదు. యౌవనమున పారిస్‌లో పరిచయమైన కార్డినల్ నొవాయ్ గారితో స్నేహమును నిలుపుకొనెను. 1760 మే 9 న హెర్న్‌హుట్‌లో ఆయన ప్రభునందు నిద్రించెను. ఆ దేశములలో ప్రొటెస్టెంటుల ఆరాధనకు అనుమతినిచ్చిన శాసనము 1781 లో మాత్రమే వచ్చెను. ఆయన దానిని చూడలేదు. అయినను ఆ దినము కొరకు కనిపెట్టుచు కూర్చుండక, తన చేతిలో నున్న భూమిని ఇచ్చెను.

ప్రియ చదువరులారా, మనకు జమీ లేకపోవచ్చును. కాని ఒక గది, ఒక పూట భోజనము, వారమున ఒక గంట ప్రార్థన లేనివారెవరు? మన ఊరికి దిక్కులేక వచ్చిన అన్యప్రాంతీయుడు ఏ మతస్థుడైనను, అతడు మన వాకిటనే నిలిచియున్నాడు. హింసింపబడువారి కొరకు ప్రార్థింతము, హింసించువారిని దీవింతము, వచ్చినవానికి తలుపు తీయుదము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, దూరమున నున్నవారి కన్నీటిని మాకు దగ్గర చేయుము. మా చేతిలో నున్నదానిని దాచుకొనక యిచ్చు మనస్సు దయచేయుము. మాకు కానరాని సంకెలలను చూచు కన్నులిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.