మిత్రుడి స్థానంలో ఆడినవాడు: బ్రయన్ పికొలో జీవితం

1968 నవంబరు 10. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ మైదానంలో షికాగో బేర్స్, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ పోరులో తలపడుతున్నాయి. బేర్స్ పక్షాన బంతి పట్టుకొని పరుగు తీస్తున్న గేల్ సేయర్స్‌ను ప్రత్యర్థి ఆటగాడు కెర్మిట్ అలెగ్జాండర్ కాళ్ల దగ్గర ఢీకొన్నారు. సేయర్స్ కుడి మోకాలిలోని లిగమెంట్లు తెగిపోయాయి. ఆ సీజన్‌లో తొలి 9 పోటీల్లోనే 856 గజాలు పరుగెత్తిన ఆ మేటి ఆటగాడు మళ్లీ ఆ ఏడాది మైదానంలో అడుగు పెట్టలేదు. ఆయన స్థానం జట్టు జాబితాలో ఆయన తర్వాతి పేరైన బ్రయన్ పికొలోకు దక్కింది. మూడేళ్లకు పైగా ఎదురుచూసిన అవకాశం అది. కానీ అది వచ్చింది తనతో ఒకే గదిలో బస చేసే మిత్రుడి మోకాలు దెబ్బతినడం వల్ల.

పికొలో 26 ఏళ్లకే కన్నుమూశారు. తన వృత్తి జీవితం మొత్తంలో ఆయన బంతితో పరుగెత్తింది 927 గజాలే. సేయర్స్ ఒక్కో సీజన్‌లోనే అంతకు మించి పరుగెత్తిన సందర్భాలున్నాయి. అయినా మరణించి అర్ధ శతాబ్దం దాటినా అమెరికా క్రీడాభిమానులు ఆయనను మరచిపోలేదు. ఒకరి గాయం మరొకరికి అవకాశంగా మారే ఆటలో, ఆ అవకాశాన్నీ ఆ మిత్రుడినీ రెండింటినీ నిలబెట్టుకున్న మనిషిగా ఆయన గుర్తుండిపోయారు.

అగ్రస్థానంలో నిలిచినా పిలుపు రాలేదు

పికొలో 1943 అక్టోబరు 31న మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో జన్మించారు. ముగ్గురు అన్నదమ్ముల్లో చివరివారు. ఆయన పసితనంలోనే కుటుంబం ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌కు తరలిపోయింది. అక్కడి క్యాథలిక్ పాఠశాలలో చదువు ముగించుకొని, నార్త్ కరోలినాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో చేరారు.

అమెరికా దక్షిణాదిలోని ప్రధాన విశ్వవిద్యాలయాల జట్లలో అప్పటికి దాదాపుగా శ్వేతజాతీయులే ఆడేవారు. 1963లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం తరఫున డారిల్ హిల్ అనే నల్లజాతి యువకుడు బరిలోకి దిగారు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఫుట్‌బాల్ ఆడిన తొలి నల్లజాతీయుడు ఆయనే. వేక్ ఫారెస్ట్ మైదానానికి వచ్చిన రోజున ప్రేక్షకులు ఆయనను హేళన చేశారు. అప్పుడు పికొలో ఎదుటి జట్టు వైపు నడిచి వెళ్లి, అందరూ చూస్తుండగా హిల్ భుజం మీద చేయి వేశారు. ప్రేక్షకుల గోల సద్దుమణిగింది.

మరుసటి ఏడాది ఆయన ఆట శిఖరానికి చేరింది. 1964 సీజన్‌లో 1,044 గజాలు పరుగెత్తి, 111 పాయింట్లు సాధించారు. ఈ రెండింటిలోనూ దేశంలోని విశ్వవిద్యాలయ ఆటగాళ్లందరిలో ఆయనదే మొదటి స్థానం. అయితే వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్‌లో మాత్రం ఆయన పేరు వినిపించలేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని 14 జట్లు 20 విడతల్లో 280 మందిని ఎంచుకున్నాయి. పోటీగా నడుస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ కూడా ఆయనను పట్టించుకోలేదు. వృత్తి ఆటకు తగినంత ఎత్తూ బరువూ లేవని, వేగం చాలదని ప్రతిభాన్వేషకులు భావించారు. చివరికి డ్రాఫ్ట్‌తో నిమిత్తం లేని స్వేచ్ఛా ఆటగాడిగా బేర్స్ ఆయనను చేర్చుకుంది. అదే డ్రాఫ్ట్ తొలి విడతలో బేర్స్ ముగ్గురిని ఎంచుకుంది. వారిలో ఒకరు డిక్ బట్కస్. మరొకరు పికొలో ఆడే స్థానంలోనే ఆడే గేల్ సేయర్స్.

రెండో పేరుకు ఉండే విలువ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ పని కబడ్డీలో కూతకు వెళ్లినవాడి పనిని పోలి ఉంటుంది. బంతిని చంకలో ఇరికించుకొని ప్రత్యర్థుల మధ్యకు చొచ్చుకుపోవాలి. అవతలి 11 మంది లక్ష్యమూ అతడిని పడగొట్టడమే. ఒక్క పోటీలో ఇరవైసార్లు బంతి అందుకుంటే దాదాపు ఇరవైసార్లూ దెబ్బలు తప్పవు. మోకాళ్లు, చీలమండలు, భుజాలు ముందుగా లొంగిపోతాయి. అందుకే ఏ జట్టూ ఒక్క రన్నింగ్ బ్యాక్‌ను నమ్ముకొని సీజన్ మొదలుపెట్టదు.

అయితే ఎంతమందిని అట్టిపెట్టుకోవాలన్నది తేలిక నిర్ణయం కాదు. ఆ రోజుల్లో ఒక్కో జట్టు జాబితాలో 40 మందికే చోటుండేది. రన్నింగ్ బ్యాక్‌లలో ఒకరిని అదనంగా ఉంచితే మరో విభాగంలో ఒకరిని వదులుకోవాలి. కాబట్టి రెండో వరుస ఆటగాడు కేవలం నిరీక్షించే మనిషిగా ఉంటే సరిపోదు. బంతిని తన్నే సందర్భాల్లో దిగే ప్రత్యేక బృందాల్లో పరుగెత్తాలి, ఒకటికి మించిన స్థానాలు ఆడగలగాలి, ప్రతి వ్యూహాన్నీ కంఠస్థం చేయాలి. మొదటి ఆటగాడికి గాయమైన క్షణంలో జట్టు పథకం మారకుండా ఆట సాగాలంటే ఇదంతా అవసరం.

పికొలో ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కారు. 1965లో ఆయనది ట్యాక్సీ స్క్వాడ్‌లో స్థానం. అంటే జట్టుతో కలిసి సాధన చేయవచ్చు గాని పోటీలో దిగే వీలు లేదు. అదే ఏడాది సేయర్స్ 22 టచ్‌డౌన్లు సాధించి దేశాన్ని అబ్బురపరిచారు. డిసెంబరులో ఒకే పోటీలో 6 టచ్‌డౌన్లు చేశారు. 1966లో పికొలో ప్రధాన జాబితాకు ఎదిగినా, ఆ ఏడాదంతా బంతితో పరుగెత్తే అవకాశం 3 సార్లే వచ్చింది. ఎక్కువగా ప్రత్యేక బృందాల్లోనే ఆడారు. 1967లో సేయర్స్‌కు ప్రత్యామ్నాయంగా స్థిరపడి 317 గజాలు పరుగెత్తారు.

ఒకే గదిలో ఇద్దరు

పౌరహక్కుల చట్టం 1964లోనే వచ్చినా, పర్యటనల్లో బేర్స్ ఆటగాళ్ల బసలో మాత్రం పాత పద్ధతే కొనసాగింది. శ్వేతజాతీయులు ఒక గదిలో, నల్లజాతీయులు మరో గదిలో ఉండేవారు. 1967లో బేర్స్ ఆ ఆనవాయితీని పక్కనపెట్టి పికొలోనూ సేయర్స్‌నూ ఒకే గదిలో ఉంచింది. బేర్స్ చరిత్రలో భిన్న జాతుల ఆటగాళ్లు గది పంచుకోవడం అదే మొదటిసారి.

స్వభావంలో ఇద్దరికీ పొంతన లేదు. సేయర్స్ మితభాషి, కొత్తవారి దగ్గర ముడుచుకుపోయే మనిషి. పికొలో హాస్యప్రియుడు. జాతిభేదం గురించి ఇతరులు నోరెత్తడానికే జంకే విషయాలను కూడా వారిద్దరూ గదిలో పరిహాసంగా మాట్లాడుకునేవారు. పోటీ పడుతున్నది ఒకే స్థానానికి అయినా వారి నడుమ స్నేహం గట్టిపడింది.

1968 నవంబరు నాటి గాయం ఈ స్నేహానికి పరీక్ష అయింది. సేయర్స్‌కు శస్త్రచికిత్స జరిగింది. చిన్న కెమెరాతో మోకాలి లోపల చూస్తూ సరిచేసే నేటి పద్ధతులు ఆనాడు వాడుకలో లేవు. అంతటి గాయమైన రన్నింగ్ బ్యాక్ మునుపటిలా ఆడగలడన్న ఆశ పెట్టుకునేవారు తక్కువ. పికొలో ఆ ఏడాది ఆఖరి పోటీల్లో ప్రధాన ఆటగాడిగా దిగి, సీజన్‌ను 450 గజాలతో ముగించారు. 28 పాస్‌లు అందుకొని మరో 291 గజాలు ముందుకు తీసుకెళ్లారు. అవి సేయర్స్ అంకెలు కావు గాని, జట్టు ఆ పోటీలను నెట్టుకు రాగలిగింది. 7 విజయాలు, 7 ఓటములతో సీజన్ ముగిసింది.

సేయర్స్ కోలుకోకపోతే ఆ స్థానం పికొలోకే స్థిరపడేది. అయినా మిత్రుడు నెలల తరబడి చేసిన కఠోర సాధనలో ఆయన వెన్నంటి నిలిచారు, కుంగిపోయిన వేళ ఉత్సాహపరిచారు. తాను తిరిగి నిలబడటంలో పికొలో పాత్ర ఎంతటిదో సేయర్స్ ఆ తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నారు. 1969లో సేయర్స్ తిరిగి వచ్చి 1,032 గజాలు పరుగెత్తి లీగ్‌లో ప్రథమ స్థానం సాధించారు. పికొలో మళ్లీ రెండో వరుసకు వెళ్లారు.

తానే తప్పుకున్న రోజు

1969 సీజన్ బేర్స్‌కు పీడకల. 14 పోటీల్లో ఒక్కదానిలోనే గెలిచింది. ఆ సీజన్ నడుమ పికొలోకు ఫుల్‌బ్యాక్ స్థానం దక్కింది. హాఫ్‌బ్యాక్ సేయర్స్‌కు దారి తెరిచే పని ఆ స్థానానిది. ఇద్దరు మిత్రులూ ఇక ఒకరి బదులు ఒకరు కాకుండా, తొలి వరుసలో పక్కపక్కన ఆడసాగారు. రెండు స్థానాలూ నేర్చుకున్న ఫలితం అప్పుడు పికొలోకు అందింది.

ఆ ఆనందం కొన్ని వారాలే నిలిచింది. పికొలోకు దగ్గు పట్టుకుని తగ్గలేదు, ఛాతీలో నొప్పి మొదలైంది. నవంబరు 16న అట్లాంటాలో జరిగిన సీజన్ తొమ్మిదో పోటీలో ఆయన తనంతట తానే మైదానం వీడారు. స్థానం పోతుందన్న భయంతో గాయాలను దాచుకొని ఆడటం ఆ ఆటలో మామూలు. అంతకాలం నిరీక్షించి స్థానం సంపాదించిన మనిషి స్వయంగా తప్పుకోవడం సహచరులనూ కోచ్‌లనూ కలవరపరిచింది.

షికాగోకు తిరిగి వచ్చాక జరిపిన పరీక్షల్లో ఛాతీలో కణితి బయటపడింది. ఎంబ్రయొనల్ సెల్ కార్సినోమా అనే అరుదైన, వేగంగా వ్యాపించే క్యాన్సర్ అది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో కణితిని తొలగించారు. వ్యాధి తిరగబెట్టడంతో 1970 ఏప్రిల్‌లో జరిగిన రెండో శస్త్రచికిత్సలో ఎడమ ఊపిరితిత్తిని తీసివేయాల్సి వచ్చింది.

ఆ మే నెలలో సేయర్స్‌కు న్యూయార్క్‌లో జార్జ్ హాలస్ పురస్కారం అందజేశారు. అసాధారణ ధైర్యం కనబరచిన ఆటగాడికి ఇచ్చే గౌరవం అది. మోకాలి గాయాన్ని జయించినందుకు లభించిన ఆ పురస్కారాన్ని సేయర్స్ సభాముఖంగా పికొలోకు అంకితం చేశారు. దానికి నిజమైన అర్హుడు తన మిత్రుడేనని చెప్పి, అతని కోసం ప్రార్థించమని సభికులను అర్థించారు.

జూన్ మొదట్లో పికొలో మళ్లీ ఆసుపత్రిలో చేరారు. అప్పటికే క్యాన్సర్ కాలేయానికి పాకింది. 1970 జూన్ 16 తెల్లవారుజామున ఆయన తుదిశ్వాస విడిచారు. భార్య, ముగ్గురు చిన్నారి కుమార్తెలు మిగిలారు. శవపేటికను మోసిన సహ ఆటగాళ్లలో సేయర్స్, బట్కస్ ఉన్నారు.

మరణానంతరం

ఆ ఏడాదే వెలువడిన సేయర్స్ ఆత్మకథలో పికొలోకు ఒక అధ్యాయం దక్కింది. దాని ఆధారంగా తీసిన బ్రయన్స్ సాంగ్ చిత్రం 1971 నవంబరు 30న ఏబీసీ టెలివిజన్‌లో ప్రసారమైంది. జేమ్స్ కాన్ పికొలోగా, బిల్లీ డీ విలియమ్స్ సేయర్స్‌గా నటించారు. ఫుట్‌బాల్‌తో పరిచయం లేని లక్షలాది మందికి పికొలో పేరు ఆ చిత్రం ద్వారానే చేరింది.

సేయర్స్ కథ కూడా గాయాల దగ్గరే ఆగింది. 1970లో ఆయన ఎడమ మోకాలు దెబ్బతింది. 68 పోటీలకే వృత్తి ఆట ముగిసింది. 1977లో 34 ఏళ్ల వయసులో ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికై, ఆ గౌరవం పొందిన అతి పిన్న వయస్కుడయ్యారు. 2020లో మరణించారు.

పికొలో పేరిట ఏర్పడిన నిధి తొలుత ఆయనను బలిగొన్న క్యాన్సర్‌పై పరిశోధనకు తోడ్పడింది. ఆయన మరణించేనాటికి ఆ వ్యాధికి సమర్థమైన మందు లేదు. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ ఆ కోవకు చెందిన క్యాన్సర్ల చికిత్సను మలుపు తిప్పింది. నాడు మరణశాసనంగా భావించిన వ్యాధి నుంచి నేడు ఎందరో రోగులు కోలుకుంటున్నారు. వేక్ ఫారెస్ట్ విద్యార్థులు 1980 నుంచి ఆయన పేరిట ఏటా విరాళాలు సేకరిస్తున్నారు.

బేర్స్ ఏటా ఉత్తమ నడవడి, నిబద్ధత చూపిన తొలి ఏడాది ఆటగాడికి, సీనియర్ ఆటగాడికి ఒక్కొక్క బ్రయన్ పికొలో పురస్కారం ఇస్తోంది. గ్రహీతను ఎన్నుకునేది సహ ఆటగాళ్లే. పికొలో ధరించిన 41వ నంబరు చొక్కాను జట్టు మరెవరికీ ఇవ్వడం లేదు. డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ కోరని ఆటగాడికి, ఎక్కువ కాలం రెండో వరుసలోనే గడిపిన ఆటగాడికి దక్కిన గౌరవం అది. సేయర్స్ 40వ నంబరును కూడా బేర్స్ అలాగే పక్కన ఉంచింది.