గాజుపలకలపై నగరాలను నిలిపిన రాజా దీన్‌దయాళ్

ధర్మవరం: లేపాక్షి బసవన్న ఎదుట నేడు ఎవరైనా సెల్‌ఫోన్‌తో క్షణంలో ఫోటో తీసుకోవచ్చు. 140 ఏళ్ల క్రితం బరువైన పెట్టె కెమెరా మోయించుకుంటూ ఊళ్లు తిరగవలసి వచ్చేది. ఒక్కో చిత్రానికి ఒక్కో గాజుపలక. చేయి జారితే శ్రమంతా వృథా.

అలా తిరిగినవారే రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించారు. రూర్కీలో చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూ ఫోటోగ్రఫీ నేర్చారు. 1882లో బుందేల్‌ఖండ్ పర్యటించి కోటలు, గుళ్లు చిత్రించారు. తర్వాత సర్కారు ఉద్యోగం వదిలి కెమెరానే నమ్ముకున్నారు. ఆరవ నిజాం ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించి, 1894లో రాజా బిరుదునిచ్చారు.

1905లో ఆయన మరణించారు. మూడేళ్లకే మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వరదకు ముందరి నగరాన్ని నేటికీ ఆయన చిత్రాల్లో చూడవచ్చు.