కాంతి మర్మజ్ఞుడు ఆగస్టిన్ ఫ్రెనెల్

ఎనిమిదేళ్లు వచ్చినా చదవడం సరిగా రాని బాలుడు, పెద్దవాడై కాంతి స్వభావాన్ని లోకానికి తెలియజెప్పాడంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆ బాలుడే ఆగస్టిన్ ఫ్రెనెల్. ఆయన 1788 మే 10న ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి భవననిర్మాణ శిల్పి. కంఠస్థం చేయడంలో వెనుకబడినా, చెట్టుకొమ్మలతో విల్లులు, బొమ్మ తుపాకులు చేయడంలో ఆ బాలుడు సిద్ధహస్తుడు. పదహారవ ఏట పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించి, పిదప రహదారులు, వంతెనల శాఖలో ఇంజనీరు అయ్యారు.

1815లో నెపోలియన్ ఎల్బా ద్వీపం నుండి తిరిగి వచ్చినపుడు ఫ్రెనెల్ రాజు పక్షాన నిలిచారు. కొలువు పోయింది. పోలీసు నిఘాలో, తల్లి నివసించే మాత్యూ గ్రామానికి చేరుకొన్నారు. ఆ విరామమే విజ్ఞానశాస్త్రానికి వరమైంది. గ్రామంలోని తాళాల పనివాని చేత పరికరాలు చేయించుకొని, తేనెచుక్కనే కటకంగా వాడుకొని, నీడల అంచున కనిపించే వెలుగు చీకటి చారలను కొలిచారు. కాంతి కణప్రవాహమని నాటి పెద్దలు నమ్ముతుండగా, అది తరంగమని ఆ కొలతలు సూచించాయి. ఈ కృషికి 1819లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ బహుమతి లభించింది.

ఫ్రెనెల్‌కు అండగా నిలిచినవారు శాస్త్రవేత్త అరాగో. ఇరువురూ ఒకే మూలం నుండి వచ్చిన రెండు కిరణపుంజాలను వేర్వేరు అభ్రకపు రేకుల దొంతరల గుండా పంపి ధ్రువణం చెందించారు. ధ్రువణ తలాలు సమాంతరంగా ఉన్నపుడు వ్యతికరణ చారలు స్పష్టంగా కనిపించాయి. ఒకదానిని రెండవదానికి లంబంగా తిప్పగానే చారలు మాయమయ్యాయి. ధ్వని వలె కాంతి కూడా పయనించే దిశలోనే కంపిస్తే, ఇలా తిప్పినందువల్ల మార్పు రాకూడదు. కనుక కాంతి కంపనం దాని దారికి అడ్డంగా సాగుతుందని ఫ్రెనెల్ గ్రహించారు. ఆ మాట చెప్పడానికి అరాగో వెనుకాడగా, 1821లో ఫ్రెనెల్ ఒంటరిగానే ప్రకటించారు.

1960లో లేజరు ఆవిర్భవించిన తరువాత కూడా ఈ నియమమే ప్రయోగశాలలకు దారి చూపుతున్నది. ఒకే లేజరు పుంజాన్ని రెండుగా చీల్చి, లంబ ధ్రువణంతో మరల ఒకే దారిలో కలిపితే చారలు ఏర్పడవు. వాటికి ఎదురుగా 45 డిగ్రీల కోణంలో ధ్రువణకారిని ఉంచితే, రెంటి నుండీ ఒకే తలంలోని భాగాలు వెలువడి చారలు ప్రత్యక్షమవుతాయి; వెలుతురు మాత్రం కొంత తగ్గుతుంది. అర్ధతరంగ ఫలకంతో ఒక పుంజపు తలాన్ని ముందే తిప్పి, రెండవదానితో సమాంతరం చేసినా చారలు వస్తాయి. 1956లో బెంగుళూరులో ఎస్. పంచరత్నం ఇట్టి పుంజాల వ్యతికరణాన్ని మరింత లోతుగా పరిశీలించి కనుగొన్న విషయం నేడు ఆయన పేరనే ప్రసిద్ధమైంది.

1823లో కోర్డువాన్ దీపస్తంభంలో వెలిగిన ఫ్రెనెల్ కటకం నావికులకు ప్రాణదీపమైంది. క్షయవ్యాధి పీడిస్తున్నా పని మానని ఫ్రెనెల్ 1827 జూలై 14న, 39వ ఏట కన్నుమూశారు. రాయల్ సొసైటీ వారి రంఫర్డ్ పతకం మరణశయ్యపై ఉండగా ఆయనకు అందింది.

చదువులో వెనుకబడి, చేతిపనిలో చురుకైన పిల్లలు మన తరగతులలోనూ ఉంటారు. వారిని మందమతులని తీర్పు చెప్పే ముందు పెద్దలు ఈ జీవితాన్ని ఒకసారి స్మరించడం మంచిది.