వేమన తొలి అడుగు

వేమన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆయన సమాధి కదిరి ప్రాంతమున కటారుపల్లెలో నున్నది. యౌవనమున ఆయన ఒక వేశ్యకు వశుడై, ఆమె కోరిన నగలకై వదినగారిని వేధించెనని జనశ్రుతి. తుదకు బులాకీ నడుగగా, ఆ వనితను ఆపాదమస్తకము నిదానించి చూచిన పిదపనే ఈయవలెనని ఆ యిల్లాలు షరతు విధించెనట. అట్లు చూచినంతనే వేమనకు మోహము వీడి రోత పుట్టెనట.

అంతట ఆయన మొదట చేసినది అడవికేగుట కాదు. బులాకీని తెచ్చి వదినగారికి తిరిగి యిచ్చుట. యోగి జీవితము ఆ చిన్న పనితో ఆరంభమైనది.

పిదప ఆయన ఆటవెలదులు ఊరూర వ్యాపించెను. బ్రౌను దొర వానిని సేకరించి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆ పద్యములు చదువువారు తాము తిరిగి యీయవలసిన బులాకీ ఏదియో ముందుగా వెదకుకొనవలెను.