దోమ గుట్టు తేలింది మన సికింద్రాబాద్‌లోనే.. రోనాల్డ్ రాస్ రెండేళ్ల వేట అడవి పల్లెలకు ఇప్పటికీ ఎందుకు ముఖ్యం?

కారేపల్లి: వానలు మొదలయ్యాయంటే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఒకటే భయం. చలిజ్వరం! దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగదు. కాసేపటికి ఒళ్లు కాలిపోతుంది. తర్వాత చెమటలు పట్టి జ్వరం దిగుతుంది. హమ్మయ్య, తగ్గిందిలే అనుకునేలోపు మళ్లీ పట్టుకుంటుంది.

ఇది మలేరియా అని, దోమ కుడితే వస్తుందని ఇప్పుడు బడికెళ్లే పిల్లలు కూడా చెప్తారు. కానీ దాదాపు 130 ఏళ్ల కిందట పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా ఈ సంగతి ఖాయంగా తెలియదు. ఆ గుట్టు విప్పిన తొలి సాక్ష్యం దొరికింది మన సికింద్రాబాద్‌లో. దొరకబట్టింది సర్ రోనాల్డ్ రాస్. ఆ రోజు 1897 ఆగస్టు 20. అందుకే ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు.

రాస్ పేరు చాలామంది విన్నదే. కానీ ఆయన రెండేళ్ల పాటు ఎందుకు ఫెయిల్ అయ్యారు, చివరికి ఎలా గెలిచారు అన్నది తక్కువ మందికి తెలుసు. అసలు పాఠం ఉన్నది అక్కడే.

డాక్టర్ అవ్వాలని లేదు!

రాస్ పుట్టింది ఇండియాలోనే. 1857 మే 13న, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని అల్మోరాలో. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పెద్ద అధికారి. ఎనిమిదేళ్లప్పుడు చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. కుర్రాడికి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం అంటే ప్రాణం. తండ్రి మాత్రం డాక్టర్ కావాల్సిందే అని పట్టుబట్టి లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రిలో చేర్పించారు.

మనసు లేని చదువు. ఒక అర్హత పరీక్ష తప్పారు. కొన్నాళ్లు ఓడలో డాక్టర్‌గా పనిచేసి, మళ్లీ రాసి పాసయ్యారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు వైపు వచ్చారు.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన ఉండే బంగళాలో దోమల గోల ఎక్కువ. చూస్తే, కిటికీ దగ్గర నీళ్ల తొట్టి నిండా దోమ పిల్లలు. ఆ నీళ్లు పారబోయించారు. దోమలు తగ్గిపోయాయి. మిగతా చోట్ల కూడా ఇలాగే చేద్దామని పై అధికారికి చెప్తే, ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతిలో ఉన్నదాన్ని మార్చకూడదన్నది ఆ అధికారి వాదన! నీళ్లు పారబోస్తే దోమ తగ్గుతుందన్న మాట రాస్ మనసులో అప్పుడే పడింది.

గాలి వల్ల కాదు.. మరి దేని వల్ల?

మలేరియా అనే పేరుకు అర్థమే చెడు గాలి. బురద నేలల నుంచి వచ్చే పాడు గాలి పీలిస్తే ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్లు జనం నమ్మారు. 1880లో ఫ్రెంచ్ సైనిక డాక్టర్ లావెరాన్, అల్జీరియాలో రోగి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, అందులో బతికి ఉన్న పరాన్నజీవిని కనిపెట్టారు. అంటే ఈ రోగానికి కారణం ఒక సూక్ష్మజీవి. సరే, మరి అది ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి ఎలా వెళ్తోంది?

1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్‌ను కలిశారు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని అప్పటికే చూపించిన మనిషి ఆయన. మలేరియా కూడా దోమ పనే అయి ఉండొచ్చని మాన్సన్‌కు అనుమానం. రక్తంలోని ఆ జీవిని రాస్‌కు మైక్రోస్కోప్‌లో చూపించారు. అంతే, రాస్‌కు పిచ్చి పట్టినట్టయింది. 1895లో ఇండియాకు తిరిగొచ్చి, సికింద్రాబాద్‌లో 19వ మద్రాస్ పదాతి దళం డాక్టర్‌గా చేరారు. వెంటనే పని మొదలుపెట్టారు.

రెండేళ్లూ తప్పు దోమ వెనకే

పని వినడానికి సింపుల్. మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టాలి. లోపలికి దోమల్ని వదలాలి. రక్తం తాగిన దోమల్ని పట్టి గాజు సీసాల్లో పెట్టాలి. తర్వాత ఒక్కొక్కదాన్ని సూదులతో చీల్చి, దాని కడుపును కణం కణం మైక్రోస్కోప్‌లో వెతకాలి.

రాస్ వందల దోమల్ని ఇలా కోసి చూశారు. ఏమీ దొరకలేదు. మధ్యలో కలరా కట్టడి పని మీద బెంగళూరు పంపేశారు. అక్కడా ఖాళీ దొరికితే దోమలే. అప్పట్లో ఇంకో లెక్క కూడా ఉండేది. దోమ నీళ్లలో చచ్చాక, ఆ నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమో అని. అలాంటి నీళ్లు కొందరికి తాగించి కూడా చూశారు. ఇవాళ ఎథిక్స్ కమిటీ ఏదీ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు. అదీ తేలలేదు.

తప్పు ఎక్కడుంది? ఆయన పద్ధతిలో లేదు. దోమలో ఉంది! ఆయన పట్టినవి ఎక్కువగా ఇళ్ల చుట్టూ మామూలుగా దొరికే బూడిద రంగు దోమలు, చారల దోమలు. అంటే ఇప్పుడు మనం క్యూలెక్స్, ఏడిస్ అని పిలిచే రకాలు. మనిషి మలేరియాను అవి మోయలేవు. ఇంకో వెయ్యి కోసినా దొరికేది కాదు.

1897లో ఊటీ వైపు వెళ్లినప్పుడు రాస్‌కే మలేరియా పట్టుకుంది. కోలుకుంటూ ఉన్నప్పుడు గోడ మీద ఒక కొత్త రకం దోమ కనిపించింది. రెక్కల మీద మచ్చలు. మామూలు దోమలా గోడకు అంటుకుని కూర్చోలేదు. తోక పైకి ఎత్తి వాలుగా ఉంది. ఆ గుర్తు ఆయన మర్చిపోలేదు.

పది దోమలు.. పది అణాలు

1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్. ఈసారి బేగంపేటలోని ఆసుపత్రిలో పని. విపరీతమైన ఉక్క. పంకా వేసుకుందామంటే గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట పడీ పడీ మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. కంటి దగ్గర పెట్టుకునే అద్దం పగిలిపోయింది. అయినా ఆపలేదు.

ఆగస్టు నెలలో ఆయన మనుషులు తెచ్చిన దోమ పిల్లల్లోంచి మచ్చల రెక్కల దోమలు బయటికి వచ్చాయి. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నది ఈ దోమనే. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఈ దోమల్ని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. పది దోమలు కుట్టాయి. పది అణాలు ముట్టాయి. రూపాయికి 16 అణాల కాలం అది.

తర్వాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చిపోయాయి, కొన్నిటిని కోస్తే ఏమీ కనపడలేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి చాలా తక్కువ. ఆ మధ్యాహ్నం ఒకదాన్ని కోశారు. కళ్లు అలసిపోయాయి. ఇక వదిలేద్దామా అనుకుంటూనే కడుపు గోడను చివరిదాకా చూశారు. అక్కడ గుండ్రటి కణాలు! లోపల నల్లటి రేణువులు. మలేరియా పరాన్నజీవిలో కనిపించే రేణువులే అవి. దోమ కడుపులో మామూలుగా అలాంటివి ఉండవు.

మర్నాడు ఆగస్టు 21న ఇంకో దోమను కోశారు. అవే కణాలు, కానీ ముందు రోజు కంటే పెద్దగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమ ఒంట్లో బతికి, పెరుగుతోంది. గుట్టు దొరికింది! ఈ ఫలితం అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

ఈ కథలో హుస్సేన్ ఖాన్‌ను పక్కన పెట్టలేం. జ్వరంతో మూలుగుతూ, అణా కోసం దోమలతో కుట్టించుకున్న ఆ రోగి రక్తమే ప్రపంచానికి తొలి సాక్ష్యం ఇచ్చింది.

ట్రాన్స్‌ఫర్ దెబ్బ.. పిట్టలతో గెలుపు

ఇంకొక్క మెట్టు ఎక్కితే పని పూర్తవుతుంది అనగా బదిలీ ఆర్డర్ వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారాకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ పరిశోధనకు సరిపడా మలేరియా కేసులు లేవు. నెలల తరబడి పని ఆగింది. 1898లో కలకత్తాలో పరిశోధన చేసే అవకాశం దొరికింది. మనుషులు దొరక్క పిట్టలకు వచ్చే మలేరియా మీద పడ్డారు.

ఆ జులైలో రెండో గుట్టు విప్పారు. దోమ కడుపులో పెరిగిన పరాన్నజీవి చివరికి దాని లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. దోమ కుట్టినప్పుడు ఆ లాలాజలంతో పాటు ఒంట్లోకి దిగుతుంది. జబ్బు దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిట్టల్ని కుట్టిస్తే వాటికీ మలేరియా వచ్చింది. నీళ్లు తాగితే కాదు, గాలి పీలిస్తే కాదు, కాటుతోనే అని తేలిపోయింది. మనుషుల మలేరియాలో ఇదే సంగతిని అనాఫిలిస్ దోమతో పూర్తిగా నిరూపించింది ఇటలీకి చెందిన గ్రాసీ బృందం.

1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యంలో నోబెల్ ఇవ్వడం అది రెండోసారే. అయితే ఘనత ఎవరిది అన్న గొడవ గ్రాసీతో ఏళ్ల తరబడి నడిచింది. రాస్ మనిషి కోపిష్టి, పట్టుదల ఎక్కువ. తనకు రావాల్సిన గుర్తింపు, డబ్బు రాలేదన్న బాధ చివరిదాకా వదల్లేదు.

దోమలన్నీ చావక్కర్లేదు!

నోబెల్ తర్వాత రాస్ చేసిన పని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఆయనకు లెక్కలంటే కూడా ఇష్టం. దోమలు ఎన్ని ఉంటే మలేరియా పాకుతుంది, ఎన్ని తగ్గితే ఆగుతుంది అని సమీకరణాలు వేశారు. తేలింది ఏంటంటే, ఊళ్లో ఒక్క దోమ కూడా లేకుండా చేయక్కర్లేదు. వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి తెస్తే చాలు, రోగం దానంతట అదే తగ్గిపోతుంది. అంటురోగాల లెక్కలకు ఇప్పటికీ ఇదో పునాది.

కాగితం మీదే కాదు, నేల మీద కూడా ఇది పనిచేసింది. 1902లో సూయజ్ కాలువ పక్కనున్న ఇస్మాయిలియా పట్నానికి వెళ్లి, నిలిచిన నీళ్లను తీసేయాలని సలహా ఇచ్చారు. అక్కడ మలేరియా కొద్ది కాలంలోనే బాగా తగ్గిపోయింది.

మన పల్లెలకు దీంతో ఏం పని?

రాస్ రెండేళ్లు ఓడిపోయింది తప్పు దోమ వెనక పడినందుకు. మనం కూడా చాలాసార్లు అదే చేస్తున్నాం. దోమ అనగానే మురికి కాలువ గుర్తొస్తుంది. కాలువలో మందు కొడితే మలేరియా పోతుందనుకుంటాం. మురికి కాలువలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్. బోదకాలును మోసేది అది. కూలర్లు, టైర్లు, నీళ్ల డ్రమ్ముల్లో పెరిగి పగలు కుట్టేది ఏడిస్. డెంగీ దాని పని.

మలేరియా దోమ వేరు. అడవి పల్లెల్లో అది పెరిగేది మంచి నీళ్లలో. వాగు అంచున నెమ్మదిగా పారే నీరు, వాన తర్వాత మిగిలిన గుంటలు, పొలాల్లో నిలిచిన నీళ్లు. కుట్టేది రాత్రి. అందుకే కారేపల్లి నుంచి ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం దాకా వాగులు, అడవులు ఉన్న ఊళ్లలో కాలువలకు మందు కొడితే సరిపోదు.

ఏం చేయాలి?

- రాత్రి పడుకునేటప్పుడు మందు పూసిన దోమతెర తప్పనిసరి. చేలో, మంచె మీద పడుకున్నా సరే.
- ఇళ్ల గోడలకు మందు కొట్టడానికి వస్తే వద్దనొద్దు. రక్తం తాగిన దోమ తరచూ వాలేది ఇంటి గోడ మీదే. మందు కొట్టాక వెంటనే గోడలు అలకొద్దు.
- ఇంటి చుట్టూ గుంటలు పూడ్చాలి. పూడ్చలేని చోట నీళ్లు పారిపోయేలా దారి తీయాలి.
- చలితో జ్వరం వస్తే అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర గానీ, పీహెచ్‌సీలో గానీ రక్త పరీక్ష చేయించుకోవాలి. కిట్ పరీక్షలో అరగంటలోపే తెలిసిపోతుంది.
- మందుల కోర్సు మధ్యలో ఆపొద్దు. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ తిరగబెడుతుంది. ఫాల్సిపారం రకం ఆలస్యం చేస్తే మెదడుకు పాకి ప్రాణం తీస్తుంది. గర్భిణులు, చిన్న పిల్లల విషయంలో ఒక్క రోజు కూడా ఆగొద్దు.

జ్వరం వచ్చినవాళ్లకు త్వరగా వైద్యం చేయించడం అంటే ఆ ఒక్కరిని కాపాడటమే కాదు. పరాన్నజీవి దోమ ఒంట్లో ముదరడానికి దాదాపు 10 నుంచి 14 రోజులు పడుతుంది. రోగి రక్తంలో అది లేకపోతే దోమకు అందేదే ఉండదు. పక్కింటి పిల్లాడికి చేరేదే ఉండదు.

రోనాల్డ్ రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఆయన దోమ గుట్టు విప్పిన భవనం హైదరాబాద్ బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గరలో ఇప్పటికీ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ కింద సర్ రోనాల్డ్ రాస్ పేరుతోనే నడుస్తోంది. ఈసారి హైదరాబాద్ వెళ్తే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. అంతకంటే ముందు, ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలు పడుకునే చోట దోమతెర ఉందో లేదో, అందులో చిరుగులు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.